పసుపు చుక్క

మా బీరువా పై అరలో, పాప టీకాల కార్డు పెట్టిన ఫైలు కింద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. డిగ్రీ రెండో సంవత్సరంలో స్టాటిస్టిక్స్ కోసం కొన్నాను. స్టాటిస్టిక్స్ అందులో నాలుగు పేజీలకు మించి లేదు. మిగిలిందంతా ఒక వీడియో గేమ్ గురించి.

వేరు వేరు ఆటల్లో ఎవరి కథ వాళ్లు నడుపుకునే వీరులందరినీ ఒకచోటికి తెచ్చి, ఒకళ్ల మీదికి ఒకళ్లను వదిలే ఆట అది. ఒక ఆటలో సైనికుడు, ఇంకొక ఆటలో మంత్రాలు వేసే ఆవిడ, మరొక దాంట్లో వీధిలో కొట్లాడి బతికే పిల్ల. వాళ్ల లోకాలకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. ఇక్కడికి వచ్చాక మాత్రం అందరికీ ఒకటే నేల, ఒకటే పొడవు లైఫ్ గీత. నేను పుట్టకముందు మొదలైందట. ఇప్పటికీ కొన్నేళ్లకొక కొత్త భాగం వస్తూనే ఉంది.

నా నోట్సులో ఒక్కో భాగానికి రెండేసి పేజీలు. ఎడమ పేజీ మీద ‘ఏం కలిపారు’, కుడి పేజీ మీద ‘ఏం తీసేశారు’. రెండో భాగంలో ముగ్గురిని ఎంచుకోవాలి, ఎవరి తర్వాత ఎవరు దిగాలో ముందే చెప్పాలి. మొదటివాడు పడిపోతేనే రెండోవాడు వస్తాడు. మూడో భాగంలో కొట్లాట మధ్యలో మనవాళ్లలో ఒకరిని పిలవొచ్చు, వచ్చి ఒక దెబ్బ వేసి పోతారు. నాలుగో భాగంలో బొమ్మలు మారాయి, నేపథ్యంలో జనం కదులుతారు, పాత దెబ్బల్లో సగం పోయాయి. ఇలా వరసగా రాసుకుంటూ వచ్చాను.

అప్పటికి అన్నిటికంటే కొత్త భాగానికి వచ్చేసరికి నా చేతిరాత మారిపోయింది. అందులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒకటి ఆన్ చేసుకుంటే చాలు, స్టిక్ తిప్పే పని లేదు. ఒకే బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతూ ఉంటే మనిషి గాల్లోకి లేచి, తిరిగి, మంట విసిరి, ఎదుటివాడిని మూలకు తోసి, మొత్తం తనే చేసేస్తాడు. ఎడమ పేజీ మీద ఇది రాసి, కింద ‘ఇది మోసం. గెలిచేది మనం కాదు, మిషన్’ అని రాశాను. రెండు గీతలు గీశాను. రెండో గీతకు పెన్ను కాగితంలోంచి అవతలికి దిగింది. ఆ చిల్లు ఇప్పటికీ ఉంది.

ఆ రాతకు గీతలు గీసిన చెయ్యే తర్వాత ఆ సెట్టింగ్ ఆన్ చేసింది. పాప నిద్రపోయాక, వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని ఇదంతా రాస్తున్నాను. ఎవరికైనా చెప్పకపోతే ఇది నాలోనే ఉండి పుల్లబడిపోతుందేమోనని భయం.

నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నతనమంతా ఉదయగిరిలో గడిచింది. మా వీధి చివర్లో నా స్నేహితురాలి ఇల్లు. వాళ్లు సాయిబులు. ఇంట్లో ఉర్దూ, వాకిలి దాటితే తెలుగు. వాళ్ల నాన్నది చెక్క గరిటెల పని. ఆయన్ని నేను చాచా అనేదాన్ని. కొండ మీది నుంచి తెచ్చిన కట్టెను బాడిశెతో చెక్కి, ఉలితో గుంట తీసి, ఆకురాయితో నున్నగా రుద్ది గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేసేవాడు. ఇంటి ముందు గదిలో సగం చాచా కట్టెలు. మిగతా సగంలో నా స్నేహితురాలి అన్న పెట్టుకున్న రెండు గేమ్ మిషన్లు. నిలబడి ఆడే పెట్టెలు. ఒకదాంట్లో ఏదో కారు ఆట. రెండోదాంట్లో ఈ ఆట రెండో భాగం.

ఆ గదిలోకి ఆడపిల్లలు పోయేవాళ్లు కాదు. పోకూడదని ఎవరూ అనలేదు, అయినా పోయేవాళ్లం కాదు. మాకు దొరికింది శుక్రవారం మధ్యాహ్నం. చాచా, నా స్నేహితురాలి అన్న నమాజుకు వెళ్లేటప్పుడు షట్టర్ దించేవాళ్లు. ఇంట్లోంచి ఆ గదికి ఒక తలుపు ఉంది. స్కూలు సెలవుల్లో ఆ గంటన్నర మాదే. నా స్నేహితురాలు ఆన్ చేసేది, నేను సౌండు తగ్గించేదాన్ని.

ఒక శుక్రవారం స్టిక్ మీద ఉండే గుండు నా చేతిలోకి ఊడి వచ్చేసింది. ఎంత తిప్పినా మళ్లీ ఎక్కలేదు. ఇద్దరం దాన్ని ఇంకా తిప్పుతూ ఉండగానే చాచా వచ్చేశాడు. తిడతాడనుకున్నాం. ఆయన ఊడిన గుండును వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూసి, కట్టెల్లో వెతికి ఒక ముక్క తీసి, సాయంత్రానికి దాన్ని అచ్చంగా అలాగే చెక్కి బిగించాడు. ప్లాస్టిక్ గుండు చెమటకు జారేది. చెక్కది జారలేదు. ఆ తర్వాత శుక్రవారాలు దొంగతనంగా ఆడే అవసరం లేకపోయింది. చాచా ఒక నియమం మాత్రం పెట్టాడు. ఓడినవాళ్లు వెంటనే మళ్లీ ఆడకూడదు. ఆయన పక్కన ఉండే చెక్క దిమ్మ మీద కూర్చుని ఒక ఆట మొత్తం చూడాలి. గరిటెల పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు కూడా ఆయనది అదే నియమం. ఒకటి చెడగొడితే, రెండోది ముట్టుకునే ముందు ఆయన ఒకటి చెయ్యడం పక్కన కూర్చుని చూడాలి.

“తెర చూస్తే ఏమొస్తాది? తెర మీద బొమ్మ. చెయ్యి చూడండి,” అనేవాడు.

నేను నేర్చుకున్నదంతా ఆ దిమ్మ మీద కూర్చునే నేర్చుకున్నాను.

డిగ్రీకి ఇద్దరం ఆత్మకూరు వచ్చేవాళ్లం, రోజూ బస్సులో. ఆ ప్రయాణాల్లోనే ఈ నోట్సు పుట్టింది. దానికి మూడో భాగం ఇష్టం, నాకు రెండోది. పిలిస్తే వచ్చే మనిషి ఉండాలి అనేది దాని వాదన. ఒకళ్లు వచ్చి కాపాడితే ఇక ఆడినట్టేంటి అనేది నాది. నాకు ఒంటరిగా చావడమంటే సరదా అని ఎగతాళి చేసేది. వెనక సీట్లో మగపిల్లలు మమ్మల్ని ఏ సినిమా గురించి గొడవ పడుతున్నామని అడిగేవాళ్లు.

పెళ్లయ్యాక ఆత్మకూరులోనే ఉండిపోయాను. స్నేహితురాలు ఉదయగిరిలోనే ఉంది. దానికీ ఒక కూతురు, మా పాప కంటే రెండేళ్లు పెద్దది.

మా పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. కొన్నాళ్లు గాజు పెట్టెలో పెట్టారు. ఆ అద్దం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ అలవాటు నాకు ఇంకా పోలేదు. పాప ఆలస్యంగా నడిచింది, ఆలస్యంగా మాట్లాడింది. ఇప్పుడు ఏడేళ్లు. డాక్టర్లు ఏమీ లేదంటారు. స్కూల్లో మాత్రం బోర్డు మీద రాసింది అది సగం రాసుకునేలోపే మిగతావాళ్లు పుస్తకాలు మూసేస్తారు. టీచరు మంచిదే. “కొంచెం నెమ్మది, అంతే,” అంటుంది. ఆ అంతే అనే మాటను ఇంటికి తెచ్చుకుని నేను పదిసార్లు తిప్పి చూసుకుంటాను.

కిందటేడు దసరా సెలవులకు మా ఆయన ఎవరి దగ్గరో వాడిన గేమ్ బాక్స్ ఒకటి తెచ్చాడు. అందులో ఈ ఆట ఉంది, నా నోట్సులో చివర రాసిన ఆ కొత్త భాగమే. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పాపను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాను. స్టిక్‌ను కిందికి నొక్కి, అక్కడి నుంచి ముందుకు అర్ధచంద్రంలా తిప్పి, ఆగకుండా బటన్ నొక్కాలి. అప్పుడు మంట వస్తుంది. పాప తిప్పుతుంది, ఆగుతుంది, తర్వాత నొక్కుతుంది. మంట రాదు. రెండు రోజులు అలాగే అయింది. నేను ఎంత మెల్లగా ఆడినా అది ఓడిపోయేది. రెండో రోజు సాయంత్రం కంట్రోలర్‌ను మెల్లగా నేల మీద పెట్టింది. విసిరినా బాగుండేది.

“నాకు ఏదీ రాదమ్మా,” అంది.

ఏడవలేదు. ఎవరో అడిగిన దానికి జవాబు చెప్పినట్టు చెప్పింది. వాళ్ల నాయన దాన్ని స్నానానికి తీసుకెళ్లాడు. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తూ ఉంది. నేను సెట్టింగ్స్‌లోకి వెళ్లాను. ఆ సాయం నాకు వద్దు, పాప పట్టుకునే కంట్రోలర్‌కు మాత్రం ఆన్ చేశాను. వెతుక్కోవలసిన పని లేదు. అది ఎక్కడుందో నా నోట్సులో రాసే ఉంది.

మర్నాడు పాప బటన్ నొక్కింది. దాని మనిషి లేచి, తిరిగి, మంట విసిరాడు. పాప నోరు తెరిచి నా వైపు చూసింది. ఆ ముఖాన్ని నేను ఇప్పటికీ కాదనలేను. నేను కావాలని ఓడిపోలేదు, అది నిజం. నిజంగానే ఆడాను, నిజంగానే ఓడిపోయాను. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

ఆ సెట్టింగ్ ఆన్ చేస్తే లైఫ్ గీత కింద, మూలలో, చిన్న పసుపు చుక్క వెలుగుతుంది. ఎదుటివాళ్లకు తెలియాలని పెట్టినట్టున్నారు. పాప దాన్ని రెండో రోజే పట్టేసింది.

“ఆ చుక్క ఏందమ్మా? నీకు లేదే.”

“నువ్వు మొదటి ప్లేయర్ కదా, అందుకు,” అన్నాను.

అంత తొందరగా, అంత నున్నగా వచ్చింది ఆ అబద్ధం. తర్వాత అది చుక్కను చూసుకున్నాకే ఆట మొదలుపెట్టేది. నా చుక్క వచ్చింది, పద, అనేది.

నన్ను తికమక పెట్టేది ఏమిటంటే, ఆ అబద్ధం పనిచేసింది. పాప అన్నం తినేటప్పుడు తన గెలుపుల గురించి చెప్పేది. వీధిలో పిల్లలతో కలవడం మొదలుపెట్టింది. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు టీచరు, పాప తనంతట తనే బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చేసిందని చెప్పింది. సగంలో ఆగిపోయిందట, అయినా వచ్చింది. ఆ రోజు ఇంటికి వస్తూ, మందు చేదని బెల్లంలో పెట్టి ఇచ్చాను, తప్పేముంది అనుకున్నాను. ఎప్పటికైనా తీసేయాలి కదా అని కూడా అనుకున్నాను. వచ్చే నెల, పరీక్షలయ్యాక, ఎండాకాలం సెలవుల్లో. ఏడు నెలలు అలా గడిచాయి.

ఎండాకాలం సెలవుల్లో స్నేహితురాలు ఫోన్ చేసింది. ముందు గది బాగు చేయిస్తున్నారట, కారు ఆట మిషన్ ఎప్పుడో పోయింది, మనది మాత్రం చాచా ఇవ్వనంటున్నాడు, పిల్లలు ఆడుకుంటున్నారు, మీ అమ్మిని తీసుకుని రావే అంది. పాప ఎగిరి గంతేసింది. దారంతా, బస్సు దుత్తలూరులో ఆగినప్పుడు కూడా, తను ఖాలా అని పిలిచే నా స్నేహితురాలి కూతురికి ఏమేం నేర్పించాలో వేళ్ల మీద లెక్కపెడుతూ కూర్చుంది. రెండో భాగంలో ఆ సెట్టింగ్ ఉండదని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? నా కుడి పేజీలూ ఎడమ పేజీలూ అన్నీ అదే కదా. అయినా వెళ్లాను. ఇద్దరూ చిన్నపిల్లలే కదా, ఏదో నొక్కుకుంటారులే అనుకున్నాను. నా స్నేహితురాలి కూతురు ఆ గదిలో పుట్టి పెరిగిందని, చాచా దిమ్మ మీద కూర్చుని చూస్తూ పెరిగిందని నాకు తట్టలేదు. నాలాంటి వాళ్లే చెయ్యగల పొరపాటు అది. ఆట తెలుసు, నేర్పేవాడు తెలుసు, రెండూ కలిపి మాత్రం ఆలోచించలేదు.

గదిలో కట్టె వాసన అలాగే ఉంది. మిషన్ తెరకు ఆకుపచ్చ జీర పడింది. చెక్క గుండు నల్లబడి, నూనె రాసినట్టు మెరుస్తోంది. చాచా గడ్డం తెల్లబడింది, చూపు కూడా తగ్గినట్టుంది, ఉలి మాత్రం ఆగడం లేదు. నన్ను చూసి తల ఊపి, పాప తల మీద చెయ్యి పెట్టి, మళ్లీ పనిలో పడ్డాడు. పిల్లలిద్దరూ చెరొక చెక్క ముక్క మీద ఎక్కి నిలబడ్డారు, లేకపోతే తెర అందదు. స్నేహితురాలు గుమ్మంలో కూర్చుని మామిడికాయలు కోస్తోంది. నేను దాని పక్కన కూర్చున్నాను.

పాప ముగ్గురిని ఎంచుకుంది. ఆట మొదలైంది. ఇంట్లో నొక్కినట్టే ఒక బటన్ గబగబా నొక్కింది. దాని మనిషి నిలబడ్డచోటే గాలిలో గుద్దులు గుద్దుతున్నాడు. లేవడు, తిరగడు, మంట లేదు. ఎదుటి పిల్ల నోట్లో మామిడి ముక్క నములుతూనే గుండును అర్ధచంద్రంలా తిప్పింది. మంట వచ్చింది. మళ్లీ తిప్పింది. మళ్లీ వచ్చింది. పాప మొదటి మనిషి పడ్డాడు. రెండో మనిషి పడ్డాడు. మూడోవాడు సగం కూడా నిలబడలేదు.

పాప తెర దగ్గరికి ముఖం పెట్టి లైఫ్ గీత కింద వెతికింది. తర్వాత నా వైపు తిరిగింది.

“అమ్మా, నా చుక్క ఏదీ?”

“ఏం చుక్క?” అంది స్నేహితురాలి కూతురు.

“మొదటి ప్లేయర్ చుక్క. పసుపుది. అది రాలేదు, అందుకే నాకు ఏం రావట్లేదు.”

స్నేహితురాలి చేతిలో కత్తి ఆగింది. కొత్త భాగం అదీ ఆడింది, వాళ్ల అన్న ఇంట్లో. ఆ చుక్క ఏమిటో దానికి తెలుసు. నా వైపు చూసింది. నేను మామిడి టెంక వైపు చూశాను.

“నువ్వా?” అంది, నాకు మాత్రమే వినిపించేలా.

తల ఊపాను. బస్సులో మేము పడ్డ గొడవలు, నేను గీసిన రెండు గీతలు, అన్నీ దానికి గుర్తుండే ఉంటాయి. వాటిలో ఒక్కటి ఎత్తి నవ్వినా నాకు తేలికగా ఉండేది. అది నవ్వలేదు. పాప ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అని అదొక్కటే లోపల. స్నేహితురాలి మోచెయ్యి పట్టుకున్నాను.

“నీ కూతుర్ని కొంచెం మెల్లగా ఆడమనవే,” అన్నాను.

“మళ్లీనా?” అంది. “ఈసారి చుక్క నా బిడ్డ చేత పెట్టిస్తావా? గమ్మున కూర్చో.”

చాచాకు ఈ చుక్కల గొడవేమీ తెలియదు. తల ఎత్తకుండానే, ఓడిన బిడ్డ ఇట్టా రావాల అన్నాడు. పాప నన్ను చూసింది. నేను లేవబోయాను. స్నేహితురాలు నా చీర కొంగు మీద కాలు వేసి తొక్కిపట్టింది, మామిడికాయ కోస్తూనే. పాప చెక్క ముక్క మీద నుంచి దిగి, వెళ్లి దిమ్మ మీద కూర్చుంది. నేను కూర్చున్న దిమ్మే. అంచు ఒకవైపు చిట్లి ఉంటుంది, అటు కూర్చుంటే గుచ్చుకుంటుంది. చెప్పాలనిపించింది. చెప్పలేదు. కాసేపటికి అదే ఇటు జరిగింది.

స్నేహితురాలి కూతురు మిషన్‌తో ఒక ఆట ఆడింది. చాచా ఉలి ఆపి, వంగి, పాప చెవి దగ్గర అన్నాడు.

“తెర చూడబాక బిడ్డా. ఆ అమ్మి చెయ్యి చూడు.”

పాప చూసింది. ఆట అయ్యాక లేచి వెళ్లి మళ్లీ ఆడింది, మళ్లీ ఓడింది, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఐదుసార్లు ఓడింది. ఒక్కసారి కూడా ఏడవలేదు. అది చూస్తూ కూర్చోవడం నాకు కష్టమైంది. అది తట్టుకోలేదని నేను ఏడు నెలలు దాచిన ఓటమిని, ఒక చెక్క దిమ్మ మీద కూర్చుని అది తట్టుకుంటోంది. తట్టుకోలేనిది ఎవరో ఆ గదిలో నాకూ నా స్నేహితురాలికీ తెలిసిపోయింది.

తిరుగు బస్సులో పాప కిటికీ పక్కన కూర్చుంది. దుత్తలూరు దాటాక నా వైపు తిరిగింది.

“ఆ చుక్క మొదటి ప్లేయర్‌ది కాదు కదమ్మా.”

కాదన్నాను. అది ఉంటే ఏమవుతుందో చెప్పాను. ఎప్పుడు పెట్టానో, అది స్నానం చేస్తుండగా పెట్టానని కూడా చెప్పాను. ఎందుకు పెట్టానో చెప్పబోతుంటే ఆ మాటలు నాకే వినబుద్ధి కాలేదు. పాప వింది.

“మా క్లాసులో అందరికీ చెప్పినా, మా అమ్మని ఓడించినా అని,” అంది.

తర్వాత కాసేపటికి, “ఒక్కటన్నా నాదా?” అంది.

“కొన్ని నీవే.”

“ఏవి?”

నాకు తెలియదు. చివరి రోజుల్లో అది దూరం చూసుకుని, నేను దూకే వేళ చూసుకుని నొక్కేది. అదంతా తనదే. కానీ ఏది ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ మొదలైందో నేను చెప్పలేను. చెప్పలేకుండా చేసింది నేనే. అది మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

ఆ తర్వాత వారం పాటు గేమ్ బాక్స్ ముట్టుకోలేదు. దాని బదులు అన్నిటినీ అడగడం మొదలుపెట్టింది. గీసిన బొమ్మ తెచ్చి, నిజంగా బాగుండాదా, ఊరికే అంటున్నావా అని. జడ తనే వేసుకుని, వెనక నుంచి నువ్వు సరిచేసినావా అని. ఒక సాయంత్రం వీధిలో వాళ్ల నాయనతో పరుగు పందెం పెట్టుకుని, గెలిచి, రొప్పుతూ వచ్చి ఆయన ముఖంలోకి చూసింది.

“నాయనా, నువ్వు మెల్లగా పరిగెత్తినావు కదా.”

ఆయన లేదన్నాడు. ఎప్పుడూ మెల్లగానే పరిగెత్తుతాడు. అది లోపలికి వెళ్లిపోయింది. ఆయన నన్ను చూశాడు. అప్పటిదాకా ఆయనకు నేనేమీ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. గేట్ గడియ వేసి, నేనైనా అదే చేసేవాణ్ణేమో అన్నాడు. ఆ మాట నాకు ఓదార్పుగా లేదు. మేమిద్దరం కలిసి ఒక పిల్లను ఎటు తోస్తున్నామో అని ఇంకా భయం వేసింది.

ఒక ఉదయం పాప ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, అది ఎక్కడుందో చూపించమంది. ఏది అని అడగలేదు. టీవీ పెట్టి, సెట్టింగ్స్ తెరిచి, ఆ వరస చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. తనే నొక్కి ఆపేసింది. ఆట మొదలయ్యాక మూల వైపు చూసింది. చుక్క లేదు.

“నువ్వు మెల్లగా ఆడబాక,” అంది.

ఒక నిమిషంలోపే ఓడించాను. అంత కష్టమైన గెలుపు నాకు ఇంకొకటి లేదు. పాప లేచి, వంటింట్లోంచి పీట తెచ్చుకుని నా పక్కన వేసుకుని కూర్చుంది. ఓడినవాళ్లు ఒక ఆట చూడాలి. నేను మిషన్‌తో ఆడాను. కాసేపటికి పక్కకు చూస్తే అది టీవీ చూడడం లేదు. నా చేతులు చూస్తోంది.

మొదట చాచా చెప్పినట్టు నేర్చుకుంటోందని అనుకున్నాను. రెండు మూడు రోజులకు అర్థమైంది. తనతో ఆడేటప్పుడు కూడా మధ్యలో ఒక్క క్షణం నా బొటనవేళ్ల వైపు చూస్తోంది, నేను వదిలేస్తున్నానేమోనని. ఆ చూపు కింద నేను ఆడుతున్నాను. వేలు ఆలస్యం చేయాలని లాగుతుంది. దాని మనిషి లైఫ్ గీత సన్నబడుతుంటే నా చెయ్యి దానంతట అది మెత్తబడబోతుంది. పట్టుకుని నొక్కుతున్నాను. రోజూ ఓడిస్తున్నాను. రోజూ పీట వేసుకుంటోంది.

ఇవాళ మధ్యాహ్నం కూడా ఓడిపోయే ఆటే. దాని మూడోవాడికి గీత గోరంత మిగిలింది. నేను దూకాను. పాప స్టిక్ కిందికి నొక్కి, అర్ధచంద్రంలా తిప్పి, ఆగకుండా నొక్కింది. మంట వచ్చింది. నా మనిషిని గాల్లోనే కొట్టి కింద పడేసింది. ఆ మంట ఆటను మార్చలేదు, తర్వాత రెండు దెబ్బలకు నేనే గెలిచాను. పాప మాత్రం ఇంకా ఆ మంట దగ్గరే ఉంది.

“అమ్మా, అది నాదేనా?”

నీదే అన్నాను. అది నిజం. ఏడు నెలల్లో దానికి నేను అనుమానం లేకుండా చెప్పగలిగిన మొదటి జవాబు. కానీ ఆ మాట అనే ముందు ఒక్క క్షణం నా కళ్లు టీవీ మూలకు వెళ్లాయి, లైఫ్ గీత కిందికి, పసుపు చుక్క ఉందేమోనని. దాన్ని ఆపేసింది పాపే, నా ఎదుటే. ఉండదని నాకు తెలుసు. అయినా చూశాను.

నేను చూడడం పాప చూసింది.

“లేదమ్మా,” అంది. “నేను ముందే చూసుకున్నా.”

తర్వాత లేచి పీట నా పక్కకు లాక్కుంది. ఓడింది కదా, ఒక ఆట చూడాలి. కంట్రోలర్‌ను ఒళ్లో గట్టిగా పెట్టుకుని మొదలుపెట్టాను.